నష్టం కన్నా ముందే చేరవలసిన చికిత్స: షోలాపూర్ నేతవాడ, మోటార్ న్యూరాన్ వ్యాధి

డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ స్మృతికి అంకితమైన ఈ ప్రసంగం ఆయన పుట్టిన ఊళ్లోనే, ఆ ఊరికి చాదర్ల పేరు తెచ్చిన తెలుగువారి వాడలో జరుగుతోంది. ఆయన్ను తలచుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు.

1910 అక్టోబర్ 10న షోలాపూర్‌లో పుట్టిన కోట్నిస్ బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. జపాన్ దాడితో అతలాకుతలమైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ఆయన ఒకరు. మిగిలిన నలుగురూ తిరిగి వచ్చారు. ఆయన ఉత్తర చైనా యుద్ధభూమిలో, గాయపడినవారి దగ్గరే ఉండిపోయారు. 1941లో బెతూన్ అంతర్జాతీయ శాంతి ఆస్పత్రికి తొలి డైరెక్టర్ అయ్యారు. 1942 డిసెంబర్ 9న, 32 ఏళ్ల వయసులో, అక్కడే కన్నుమూశారు. 1946లో వి. శాంతారాం తీసిన సినిమా ఆ జీవితాన్ని దేశమంతటికీ చూపింది. ఈనాటి ప్రసంగానికి ఆ జీవితంలోని ఒక్క అంశమే ఆధారం. రోగి నడిచి రాలేనప్పుడు వైద్యమే నడిచి వెళ్లాలని ఆయన ఆచరణలో చూపారు.

రోగి నడిచి రాలేకపోవడమే లక్షణంగా ఉన్న జబ్బు ఒకటుంది. అది మోటార్ న్యూరాన్ వ్యాధి. దాన్ని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. అందుకే ఆ పేరు చెప్పగానే చాలా ఇళ్లలో, కొన్ని ఆస్పత్రుల్లో కూడా, ఇక చేసేదేమీ లేదన్న మాట వినిపిస్తుంది. ఆ మాట తప్పని చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం. నయం కాని ఈ వ్యాధిలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అసలైన చికిత్సలో భాగం. అయితే వాటికి రెండు షరతులున్నాయి. శక్తి పోయాక వస్తే అవి ఆలస్యమైనట్టే, పోబోయే ముందే రావాలి. రోగి ఇంటికి, పనిముట్టుకు, ఇంటి భాషకు సరిపడేలా రావాలి.

మెదడు నుంచి వెన్నుపాముకు, వెన్నుపాము నుంచి కండరానికి కదలిక ఆజ్ఞను మోసే నాడీకణాలే మోటార్ న్యూరాన్లు. ఈ వ్యాధిలో అవి క్రమంగా చనిపోతూ వస్తాయి. ఆజ్ఞ అందని కండరం పలచబడుతుంది, చర్మం కింద చిన్నచిన్నగా అదురుతుంది, కొందరిలో బిగుసుకుపోతుంది. ఒకరికి చేతిలో, ఒకరికి పాదంలో, మరొకరికి మాటలో లేదా గుటకలో మొదలై ఇతర భాగాలకు పాకుతుంది. చివరికి ఊపిరి కండరాలనూ పట్టుకుంటుంది. చూపు, వినికిడి, స్పర్శ సాధారణంగా చెక్కుచెదరవు. కొందరిలో ఆలోచన, ప్రవర్తన కూడా మారుతాయి. చాలామందిలో మాత్రం తెలివి స్పష్టంగా ఉంటుంది, శరీరం చేయి దాటిపోతుంది. పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి ముడి వేస్తాడు. ఈ పోగుకు ముడి వేసే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

ఫ్రెంచి వైద్యుడు ఆరాన్ 1850లో కండరాలు క్రమంగా క్షీణించే జబ్బును వర్ణించాడు. 1869లో పారిస్ వైద్యుడు షార్కో వెన్నుపాములోని మార్పులతో దాన్ని జోడించి, 1874లో నేటికీ వాడుకలో ఉన్న ఎ.ఎల్.ఎస్. (అమియోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్, ఈ వ్యాధిలో ప్రధాన రూపం) అన్న పేరుకు మూలమైన పేరు పెట్టాడు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్‌కు 1939లో ఈ వ్యాధి నిర్ధారణ అయింది. 1941లో, 37 ఏళ్లకే ఆయన చనిపోయాడు. 1963లో, 21 ఏళ్ల వయసులో ఇదే నిర్ధారణ విన్న స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా జీవించాడు. సగటున లక్షణాలు మొదలైన రెండు నుంచి అయిదేళ్ల మధ్య ప్రాణం పోయే వ్యాధిలో హాకింగ్ అరుదైన మినహాయింపు. కానీ ఆయన కథలో చక్రాల కుర్చీ, మాట పోయాక కంప్యూటర్ గొంతు, ఇరవైనాలుగు గంటల సంరక్షణ కనిపిస్తాయి. ఆయన జీవితాన్ని నిలబెట్టిన సాధనాలు చాలావరకు మందుల దుకాణంలో దొరకనివి.

భారతీయ వైద్యులు ఈ వ్యాధి గురించి చేసిన పరిశీలన తక్కువేమీ కాదు. 1970లో మద్రాసు వైద్యులు ఒక ప్రత్యేక రూపాన్ని వర్ణించారు. చిన్న వయసులో మొదలై, ముఖ కండరాలను, వినికిడిని దెబ్బతీసి, నెమ్మదిగా ముదిరే ఆ రూపానికి మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి అనే పేరు ప్రపంచ వైద్యగ్రంథాల్లో స్థిరపడింది. 1980లలో బెంగళూరులోని నాడీవైద్య సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ గౌరీదేవి బృందం ఒకే చేతికో కాలికో పరిమితమయ్యే కండర క్షీణతను వివరంగా నమోదు చేసింది. ఎక్కువగా యువకుల్లో కనిపించే ఆ జబ్బు కొన్నేళ్లు ముదిరి ఆగిపోతుంది, ప్రాణం తీయదు. అదే నిమ్హాన్స్ 2008లో 30 ఏళ్ల కాలంలో చూసిన 1153 మంది ఎ.ఎల్.ఎస్. రోగుల వివరాలను ప్రచురించింది. జబ్బు మొదలైన సగటు వయసు 46 ఏళ్ల దరిదాపుల్లో ఉంది. పాశ్చాత్య దేశాల లెక్కతో పోలిస్తే ఇది సుమారు పదేళ్లు ముందు. అంటే ఈ దేశంలో ఈ జబ్బు చాలాసార్లు సంపాదించే చేతినే పట్టుకుంటుంది. పిల్లల చదువు, కూతురి పెళ్లి, మగ్గం అప్పు ఇంకా తీరని వయసది.

ఆ చేతులు ఎలాంటివో తెలియాలంటే ఈ వాడ చరిత్ర వైపు చూడాలి. 1877లో షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు నడక మొదలుపెట్టింది. తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్‌గిర్జీ మిల్లులు వచ్చాయి. కరువు తరిమితే, నూలు పిలిస్తే, నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి చేరారు. గుంట మగ్గం మీద చీరలు నేసిన చేతులు క్రమంగా పవర్‌లూమ్ మీద చాదర్లకు, టవళ్లకు మారాయి. షోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. బతుకు నగరం తూర్పు భాగంలోని చిన్న కారఖానాల మీద, ఆడవాళ్లు ఇంట్లో చుట్టే బీడీల మీద పడింది.

ఈ వాడ తన ఇంటిని కూడా తానే పోరాడి కట్టించుకుంది. మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మిక మహిళలు సాగించిన ఉద్యమ ఫలితంగా కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల ఇళ్ల కాలనీ వెలసింది. దాన్ని 2006 సెప్టెంబర్ 1న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అదే కుంభారిలో రే నగర్‌లోని 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. బీడీ కార్మికులు, చేనేత, పవర్‌లూమ్ కార్మికులు, చెత్త ఏరుకునేవారు, డ్రైవర్లు అక్కడి లబ్ధిదారులు. ఇంత పెద్ద శ్రామిక నివాసాన్ని సాధించుకున్న సమాజానికి వైద్యాన్ని గడప దాకా రప్పించుకునే శక్తి ఉందని నమ్మడానికి ఈ చరిత్రే ఆధారం.

నేత పని వల్ల గానీ, బీడీ పని వల్ల గానీ మోటార్ న్యూరాన్ వ్యాధి వస్తుందని చెప్పడానికి నిరూపణ లేదు. కానీ జబ్బు ఎలా బయటపడుతుందన్నది పనిని బట్టి ఉంటుంది. ఎ.ఎల్.ఎస్.లో చేతి కండరాలన్నీ ఒకే తీరుగా పోవు. బొటనవేలి మొదట ఉండే మెత్తని కండ, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఉండే కండ ముందుగా కరుగుతాయి. చిటికెనవేలి వైపు కండ చాలాకాలం మిగిలి ఉంటుంది. తునికాకు మీద తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచే పని మొత్తం ఆ రెండు వేళ్ల చిటికెడులోనే ఉంది. నాడెలో కండె మార్చే వేళ్లు, తెగిన పోగును పట్టి ముడి వేసే వేళ్లు కూడా అవే. ఆఫీసులో పనిచేసే మనిషికి చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు తెలిసే బలహీనత ఈ వాడలో దినం లెక్కలో తెలుస్తుంది. వెయ్యి బీడీలు చుట్టే చెయ్యి ఏడువందల దగ్గర ఆగిపోతుంది.

అక్కడే తొలి ఆలస్యం జరుగుతుంది. చెయ్యి సన్నబడితే మెడనరం అంటారు, పని ఎక్కువైందంటారు, తైలంతో మర్దన చేయిస్తారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే జబ్బు చేతిపని వాళ్లలో నిజంగానే ఎక్కువ. మెడపూసల అరుగుదల కూడా సాధారణమే. వాటికీ దీనికీ తేడా పోల్చడానికి ఒక గుర్తుంది. నరం నొక్కుకుంటే తిమ్మిరి, మంట, నొప్పి ఉంటాయి. మోటార్ న్యూరాన్ వ్యాధిలో స్పర్శ బాగానే ఉండి, పట్టు మాత్రం పోతుంది. నొప్పి లేదు కాబట్టి పర్వాలేదనుకోవడమే ఇక్కడ ప్రమాదం. సందేహం వచ్చినవారికి నరాల, కండరాల విద్యుత్ పరీక్ష, మెడ ఎం.ఆర్.ఐ. చేసి, మందుతో తగ్గే జబ్బులను ముందుగా తోసిపుచ్చడం న్యూరాలజిస్టు పని.

నిర్ధారణ తర్వాత వచ్చే రెండు వృత్తుల చరిత్ర ఈ వాడకు దూరమైనది కాదు. ఆక్యుపేషనల్ థెరపీ వృత్తిగా రూపుదిద్దుకున్నది 1917లో, అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఆ రంగం తొలి సంఘం ఏర్పడినప్పుడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో గాయపడిన సైనికుల పునరావాసంలో దానికి ముఖ్యమైన సాధనాల్లో ఒకటి మగ్గం. తొక్కుడు పలకలు కాలి కండరాలకు, దండె లాగడం భుజానికి, పోగు ఎత్తడం వేళ్లకు వ్యాయామమని గుర్తించి, రోగికి తగ్గట్టు మగ్గాలను మార్చేవారు. భారతదేశంలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో కమలా నింబ్కర్ స్థాపించారు. ఆమె మరాఠీ కుటుంబపు కోడలైన అమెరికన్ మహిళ. ఆ ఆస్పత్రి కోట్నిస్ చదివిన జి.ఎస్. మెడికల్ కాలేజీకి అనుబంధమైనదే. మగ్గాన్ని చికిత్సగా వాడుకున్న వృత్తి మగ్గం మనిషి దగ్గరికి చికిత్సగా రావడం ఒక పాత బాకీ తీర్చడమే.

ఫిజియోథెరపీకి ఈ దేశంలో ఊపునిచ్చింది పోలియో. 1950ల తొలినాళ్లలో అదే కె.ఇ.ఎం.లో ఫిజియోథెరపీ శిక్షణ మొదలు కావడానికి పోలియో విజృంభణ ముఖ్య కారణం. పోలియో వైరస్ దాడి చేసేది వెన్నుపాములోని మోటార్ న్యూరాన్ల మీదే. రెండు జబ్బుల లక్ష్యం ఒకటే అయినా నడక వేరు. పోలియో ఒక్కసారి దెబ్బకొట్టి ఆగుతుంది, ఆ తర్వాత మిగిలిన కండరాన్ని బలపరుస్తూ పోవచ్చు. ఈ దేశంలో రెండు తరాల థెరపిస్టులు నేర్చుకున్న విద్యకు ఆ నమూనాయే పునాది. 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహిత ధ్రువీకరణ పొందింది. మోటార్ న్యూరాన్ వ్యాధి మాత్రం ఆగదు. ఇక్కడ రోగి ఎంత కోలుకున్నాడన్న కొలత పనికిరాదు. వచ్చే మూడు నెలల్లో ఏది చేజారుతుందో ఊహించి, దానికి ప్రత్యామ్నాయం ఇవాళే సిద్ధం చేశారా అన్నదే కొలత. పోలియో నేర్పిన ఓర్పును నిలుపుకుంటూనే దాని కాలక్రమాన్ని తిరగరాయాలి.

ఇదంతా మంచి మనసుతో చెప్పే మాట మాత్రమే అనుకునేవారికి లెక్కలున్నాయి. ఈ వ్యాధికి 1995లో అమెరికా అనుమతి పొందిన రిలుజోల్ మాత్ర పరీక్షల్లో ఆయుష్షును సుమారు రెండు, మూడు నెలలు పెంచింది. ఐర్లండ్‌లో వివిధ నిపుణులు కలిసి చూసే ప్రత్యేక క్లినిక్‌కు వెళ్లిన రోగులు మామూలు న్యూరాలజీ క్లినిక్‌కు వెళ్లినవారి కన్నా ఏడున్నర నెలలు ఎక్కువ బతికారని 2003లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వైద్యులు 2006లో ప్రచురించిన పరీక్షలో, మాట, గుటక మరీ దెబ్బతినని రోగులకు రాత్రిపూట ముసుగు ద్వారా గాలి అందించే యంత్రం వాడితే మధ్యస్థ ఆయుష్షు 205 రోజులు పెరిగింది. బతికిన రోజుల నాణ్యత కూడా మెరుగైంది. 2023లో అమెరికా అనుమతించిన టోఫెర్సెన్ మందు ఎస్.ఒ.డి.1 అనే జన్యువులో లోపమున్న కొద్దిమందికే వర్తిస్తుంది. మిగిలిన వేలమందికి ఆయుష్షు, గౌరవం చాలావరకు యంత్రాల సరైన వాడకం మీద, సమయానికి దొరికే చేతి సాయం మీద ఆధారపడ్డాయి.

వ్యాయామం గురించి రెండు అపోహలున్నాయి. బాగా కష్టపడితే కండ తిరిగి వస్తుందన్నది ఒకటి, కదిలితే జబ్బు ముదురుతుందన్నది మరొకటి. 2001లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన 25 మంది రోగుల చిన్న పరీక్షలో రోజుకు రెండుసార్లు పదిహేను నిమిషాల చొప్పున తేలికపాటి వ్యాయామం చేసినవారి క్షీణత మూడు నెలల నాటికి కొంత నెమ్మదించింది. ఆరు నెలల నాటికి ఆ తేడా అంత స్పష్టంగా నిలవలేదు. కాబట్టి హద్దు తెలిసిన వ్యాయామమే మార్గం. మర్నాటి దాకా అలసట వదలకపోతే, కండరాలు పట్టేస్తే ఆ మోతాదు ఎక్కువైనట్టు. రోజూ ప్రతి కీలునూ పూర్తిగా మడిచి చాపించడం, బిగిసే కండరాన్ని నెమ్మదిగా సాగదీయడం తప్పనిసరి. బలం పోయిన భుజాన్ని కదపకపోతే అది బిగుసుకుపోయి రాత్రి నిద్ర పట్టనివ్వదు. అలాంటి మనిషిని లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. ఈ ఒక్క జాగ్రత్త ఇంట్లో అందరికీ నేర్పితే ఎంతో నొప్పి తప్పుతుంది.

పనిచోటు విషయంలో ఆక్యుపేషనల్ థెరపిస్టు తీర్పు కఠినంగానే ఉండాలి. పాదం జారి వేలాడే మనిషి నడుస్తున్న పవర్‌లూమ్‌ల ఇరుకు సందుల్లో పన్నెండు గంటల షిఫ్టు చేయడం ప్రమాదం. పాదాన్ని నిలబెట్టే తేలికైన పట్టీతో కొంతకాలం నడక సాగుతుంది గానీ యంత్రం పక్కన నిలబడే పని ముందుగానే మాన్పించాలి. అలాగని మనిషిని వెంటనే మూలన కూర్చోబెట్టనక్కర్లేదు. నేత తెలిసిన కన్ను సరుకు తనిఖీకి పనికొస్తుంది. మడత, ప్యాకింగ్, లెక్కలు, ఫోన్‌లో ఆర్డర్లు చూసుకోవడం కూర్చుని చేసే పనులు. బీడీ చుట్టలేని చెయ్యి మరికొన్ని నెలలు కట్టలు లెక్కపెట్టగలదు. యజమానితో మాట్లాడి ఆ మార్పు చేయించడం కూడా చికిత్సలో భాగమే.

ఇంటి లోపలి పని ఇంకా సూక్ష్మమైనది. ఈ వాడలో పడుకోవడం, తినడం, బీడీ చుట్టడం చాలావరకు నేల మీదే. తొడ కండరాలు తగ్గితే నేల మీది నుంచి లేవడమే మొదట ఆగిపోతుంది. మంచం కాళ్ల కింద గట్టి దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచడం, మరుగుదొడ్డి మీద కమోడ్ కుర్చీ అమర్చడం, గోడకు పట్టుకమ్మీ బిగించడం, గడప దగ్గర చిన్న వాలు కట్టడం పెద్ద ఖర్చు లేని పనులు. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే సన్నటి పట్టుతోనైనా అన్నం తినవచ్చు. చక్రాల కుర్చీ కొనేటప్పుడు ఇవాళ్టి శరీరాన్ని చూసి కొంటే ఆరు నెలల్లో అది పనికిరాదు. మెడకు ఆసరా, వెనక్కి వాలే సౌకర్యం మొదటి రోజే చూడాలి, తలుపు వెడల్పు కొలవాలి.

ఆహారంలోనూ ఊరి తీరును చూడాలి. షోలాపూర్‌లో పేరుమోసిన గట్టి జొన్నరొట్టె, పొడిపొడిగా ఉండే పల్లీ చట్నీ గుటక బలహీనపడినవారికి గొంతులో అడ్డుపడే పదార్థాలు. రొట్టెను పప్పులో నానబెట్టి మెత్తగా చేయడం, నీళ్లు పొలమారితే జావలా చిక్కబరిచిన పానీయాలు ఇవ్వడం, నిటారుగా కూర్చుని గడ్డం కిందికి వంచి మింగించడం థెరపిస్టు సలహాతో నేర్చుకోవలసిన మెళకువలు. బరువు వేగంగా తగ్గుతుంటే పొట్ట ద్వారా ఆహారం అందించే గొట్టం గురించి ఊపిరి బలంగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి, తర్వాత ఆ చిన్న శస్త్రచికిత్స కూడా ప్రమాదమవుతుంది.

ఊపిరి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, తెల్లవారి తలనొప్పి, పగటి మత్తు, బలంలేని దగ్గు కనిపిస్తే ఊపిరి కండరాలు అలసినట్టు. అప్పుడు ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే తెచ్చి పెడితే ఊరట కనిపించినా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని ప్రమాదం తెస్తుంది. ముసుగు యంత్రం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఛాతీ వైద్యులు, ఫిజియోథెరపిస్టు కలిసి పరీక్షించి నిర్ణయించాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ కూడా ఆ లెక్కలో ఉండాలి. గాలిని పొరలు పొరలుగా నింపుకుని దగ్గడం, దగ్గే క్షణంలో పక్కటెముకల కింద చేతులానించి సాయం చేయడం ఇంటివాళ్లు శిక్షణతో నేర్చుకోగలరు. జలుబు న్యుమోనియా కాకుండా ఆపడంలో ఆ శిక్షణ విలువ అప్పుడు తెలుస్తుంది.

మాట పోయే దశకు ముందు చేయవలసింది ఒకటుంది, ఈ వాడలో దానికి ప్రత్యేకత కూడా ఉంది. కళ్లతో అక్షరాలు చూపి మాట్లాడే పలకలు ఆస్పత్రుల్లో ఇంగ్లీషులోనో హిందీలోనో దొరుకుతాయి. ఇక్కడి మనిషి ఇంట్లో మాట్లాడేది తెలంగాణ తెలుగు. బడిలో చదివింది చాలాసార్లు మరాఠీ. కాబట్టి అతనికి కావలసింది నాగరి లిపిలో రాసిన తెలుగు పలక. నీళ్లు, నొప్పి, తిప్పు, దాహం, ఊపిరి, పిల్లల పేర్లు అందులో ముందు ఉండాలి. గొంతు స్పష్టంగా ఉన్నప్పుడే నిత్యం వాడే మాటలను ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోవాలి. హాకింగ్ 1985లో గొంతు కోల్పోయాక వాడిన యంత్రస్వరం అమెరికా యాసలో ఉండేది. ఈ వాడలోని తండ్రికి తన సొంత గొంతులోనే మాటలు మిగిలే అవకాశం ఇప్పుడు ఒక మామూలు ఫోన్‌తో ఉంది.

సంరక్షణ భారం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పుకోవాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి దొరికే భార్యకు మంచం పక్కన గడిపే ప్రతి గంటా కూలి నష్టమే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఎత్తడం, శుభ్రం చేయడం ఆమె నడుమును కూడా విరుస్తుంది. థెరపిస్టు ఇంట్లో ఒక్కరికి కాదు, ఇద్దరికి నేర్పాలి. కొడుకులకు, అన్నదమ్ములకు కూడా ఆ పని ఆడవాళ్లదే అన్న అలవాటు వదిలేలా నేర్పాలి.

అప్పు తెచ్చి ఆశను కొనే బజారు గురించి ఒక హెచ్చరిక. మూలకణ చికిత్సతో నయం చేస్తామనేవారు లక్షలు అడుగుతారు. 2017 నాటి భారత జాతీయ మార్గదర్శకాలు ఆమోదిత రక్తసంబంధ వ్యాధులను మినహాయించి మూలకణ చికిత్సను పరిశోధన పరిధి దాటి వ్యాపారంగా అందించడాన్ని అనుమతించవు. అదే డబ్బు సగం పెట్టినా కుర్చీ, ముసుగు యంత్రం, మంచం, సాయానికి మనిషి సమకూరుతాయి.

చట్టం కొంత చేయూతనిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఈ రోగులు చలన వైకల్యం కింద ధ్రువపత్రానికి అర్హులు కావచ్చు. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే చాలా సదుపాయాలకు తలుపు తెరుచుకుంటుంది. జబ్బు ముదిరేది కాబట్టి పాత శాతాన్నే పట్టుకుని కూర్చోకుండా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పెద్ద ఆరోగ్య పథకాలు ఆస్పత్రిలో చేరిన రోజులకే లెక్క కడతాయి, ఇంటికొచ్చి చేసే థెరపీ వాటి చూపుకు అందదు. ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత, తీవ్ర కండర క్షీణత బాధితులకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మోటార్ న్యూరాన్ వ్యాధి బాధితులను అలాంటి వర్గంలో పేరు పెట్టి చేర్చమని మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వాలను అడగడం న్యాయమైన కోరికే.

ఈ పని ఎంత పెద్దదో ఒకసారి లెక్కవేసి చూడవచ్చు. 2011 జనగణన ప్రకారం షోలాపూర్ నగర జనాభా 9,51,558. యూరప్‌లో ఏటా లక్షకు సుమారు ఇద్దరికి కొత్తగా ఈ జబ్బు వస్తుంది. ఆ లెక్కను ఇక్కడికి అన్వయించినా ఏడాదికి ఇరవై మంది దాటరు, నిజానికి ఇంకా తక్కువే కావచ్చు. ఒక న్యూరాలజిస్టు, ఒక ఛాతీ వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, తెలుగు, మరాఠీ తెలిసిన ఒక సమాజ కార్యకర్త కలిసి నెలకు ఒక రోజు క్లినిక్ పెట్టి, మిగతా రోజుల్లో ఇళ్లకు వెళ్తే ఈ నగరానికి సరిపోతుంది.

అందుకు తొలి అడుగు వేయగలిగింది 1963 నుంచి ఈ నగరంలో ఉన్న వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల. దానికి అండగా సమాజ సంస్థలు, సహకార ఆస్పత్రులు, కుంభారి కాలనీల సంఘాలు కుర్చీలు, మంచాలు, ముసుగు యంత్రాలు అరువిచ్చే భాండారాన్ని ఏర్పాటు చేయాలి. ఒక ఇంట్లో పని తీరిన వస్తువు మరో ఇంటికి చేరాలి. ఇక ప్రతి కుటుంబానికి ఒక విన్నపం. నొప్పి, తిమ్మిరి లేకుండా చెయ్యి సన్నబడుతున్నా, పాదం జారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, నీళ్లు తరచుగా పొలమారుతున్నా పని ఎక్కువైందని సరిపెట్టుకోకండి. నెల లోపే నరాల వైద్యుడికి చూపించండి. నిర్ధారణ అయిన రోజునే మందుల చీటీతో పాటు ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టుల చిరునామా కూడా అడిగి తీసుకోండి.